నేనెక్కని ఓడకు అక్క సర్దుకున్న పెట్టె

అహోబిలం నరసింహస్వామి సాక్షిగా, మా అంగట్లో మేకుకు వేలాడే కొలత టేపు సాక్షిగా, ఇక్కడ రాసే ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వి పేజీ తిప్పేస్తారని తెలుసు. నంద్యాలలో పాతికేళ్లకు పైగా సూట్‌కేసులూ, స్కూలు సంచులూ, ప్రయాణపు బ్యాగులూ అమ్ముతున్నవాణ్ణి. ఒక పెట్టె అమ్ముడుపోవాలంటే దానికో కథ ఉండాలి. "ఇదే రకం పెట్టె ఘాట్ రోడ్డులో బస్సు మీదనుంచి లోయలో పడిందప్పా. మూడోనాడు తీస్తే లోపల పెట్టిన అద్దం కూడా పగల్లేదు" అని చెప్పిన రోజున ఆ రకంవి నాలుగు కదులుతాయి. మొదట్లో ఆ లోయ నిలువెత్తు ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ లోతవుతూ వచ్చి, ఇప్పుడు అడుగు కనిపించడం లేదు. కానీ ఇది అంగడి మాట కాదు. అందుకే ప్రమాణం చేసి మొదలుపెడుతున్నాను.

మే నెల ఎండలో, పదకొండు గంటలప్పుడు, మా అక్క ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా అంగడికి వచ్చింది. చెంగుతో మొహం తుడుచుకుని, మజ్జిగ తాగి, చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ముందు పరిచింది.

"రేయ్, ఓడకు పోతాండా. పెట్టె ఎట్ల సర్దుకోవాల్నో చెప్పు."

అక్క ఆళ్లగడ్డలో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. పిల్లలకు పటం మీద బెత్తం పెట్టి సముద్రాలన్నీ చూపించింది గానీ, ఏ సముద్రమూ చూసి ఎరగదు. బావకు కడప దాటితే నిద్ర పట్టదు. అందుకని ఆయన్ను ఇంట్లో వదిలి, తనలాగే రిటైరైన ముగ్గురు పంతులమ్మలతో కలిసి, ఉత్తరాన నార్వే దిక్కున పన్నెండు రోజులు తిప్పే ఓడ ప్రయాణానికి పేరు రాయించుకుంది. ఒక్కటే చిక్కు. అక్కకు ఉబ్బసం. నంద్యాల డాక్టరు పోవచ్చన్నాడు గానీ, వేలెత్తి ఒక మాట చెప్పాడు: చల్లగాలిలో తడిబట్టలతో ఉండకూడదు, ఉంటే ఊపిరి బిగుసుకుంటుంది, నడిసముద్రంలో ఆసుపత్రికి పరుగెత్తడం కుదరదు.

"ఆ టూరోళ్లను అడగకపోయినావా అక్కా?" అన్నాను.

"వాళ్లెవురు? మన వంశంలో మంచు సముద్రం సూసినోడివి నువ్వొక్కడివే గదరా. నిన్ను కాక ఇంకెవుర్ని అడగాల?"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నా భార్యకు అప్పుడే దగ్గు వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. నేను ఏ ఓడా ఎక్కలేదు. మా నాయన ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే మేస్త్రీ. ఊళ్లూళ్ల గుళ్లకు ఆయన చేతి విగ్రహాలు పోయేవి. నన్నూ ఉలి పట్టమన్నాడు, నేను పట్టనన్నాను, మాటకు మాట పెరిగింది. ఇరవైరెండేళ్ల వయసులో ఒక పొద్దున కట్టుబట్టలతో లారీ ఎక్కి బళ్లారి చేరాను. అక్కడ సంచులు కుట్టే కార్ఖానాలో పదకొండు నెలలు పనిచేశాను. ఇంటికి ఒక్క జాబు రాయలేదు. ఒకరోజు సంచుల బేరానికి గడివేముల నుంచి ఒకాయన వచ్చాడు. నేనెవరో ఆయనకు తెలియదు. మాటల్లో మాటగా, ఆళ్లగడ్డలో ఒక రాళ్ల మేస్త్రీ పోయాడనీ, కొడుకు ఎక్కడున్నాడో తెలియక తమ్ముడి కొడుకు చేత తలకొరివి పెట్టించారనీ యజమానికి చెబుతున్నాడు. నేను మిషను ఆపలేదు. ఆ సంచి అంచు చివరిదాకా కుట్టాను. తర్వాత బస్టాండుకు పోయి కూర్చున్నాను. మా ఊరి దిక్కు పోయే బస్సు వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది.

నెల తర్వాత గాని ఇల్లు చేరలేకపోయాను. వాకిట్లో చుట్టాలంతా నిలబడి "యాడ సచ్చినావురా ఇన్నాళ్లు?" అని అడిగితే, నా నోట్లోంచి ఓడ వచ్చింది. ఉత్తర సముద్రంలో సరుకుల ఓడ. దాని వంటింట్లో పని. చుట్టూ మంచు. జాబు వేయడానికి నేల లేదు, వార్త అందడానికి దారి లేదు. చుట్టాల్లో ఎవరూ నమ్మలేదు. చిన్నాయన చెయ్యి ఎత్తాడు కూడా. అక్క అడ్డమొచ్చి నిలబడింది. "నడిసముద్రంలో ఉన్నోడు ఏం జేస్తాడు? రెక్కలు కట్టుకోని ఎగిరొస్తాడా? తెలిస్తే వాడు రాకుండా ఉంటాడా?" అని అందరినీ కసిరి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టింది.

ఆ రోజు నుంచి ఆ ఓడను నేను మునగనివ్వలేదు. అది మునిగితే అక్క అన్న ఆ మాట కూడా మునుగుతుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అంగట్లో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో దాన్ని నడిపిస్తూనే ఉన్నాను. ఒక తిమింగలం వచ్చింది. రెండు తుఫాన్లు వచ్చాయి. ఇన్నేళ్లలో మావాళ్లెవరూ ఆ వైపు పోలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇప్పుడు అక్క పోతోంది.

ఆ కాగితం టూరు వాళ్లు ఇచ్చిన సామాన్ల జాబితా. ఇంగ్లీషులో అచ్చువేసిన ప్రతి వరుస పక్కన అక్క తన గుండ్రటి చేతిరాతతో తెలుగులో అర్థం రాసుకుంది.

"పైన వేసవి విహారం అని రాసినారు. కింద ఉన్ని టోపీ, చేతులకు తొడుగులు అంటారు. దాని కిందనే ఈతగుడ్డలంట. ఏందిరా వీళ్లకు బుద్ధి సరిగుండాదా?"

"ఓడలో వేడినీళ్ల తొట్టి ఉంటాదక్కా" అన్నాను. అది ఆ కాగితం మూలనున్న బొమ్మలోనే కనిపిస్తోంది.

"నువ్వు దిగినావా?"

"వంటోళ్లను దిగనియ్యరు."

"వంటోడంట!" అంది నా భార్య. "ఇంట్లో ఒకనాడైనా తాగిన గ్లాసు కడిగినాడేమో అడుగు వదినా."

"నువ్వు గమ్మునుండమ్మే. వాడు పడిన కష్టాలు నీకేం తెల్సు?" అని అక్క ఆమె నోరు మూయించి మళ్లీ నా వైపు తిరిగింది. "శనివారం నాకు ఒక్కపొద్దు గదా. పొద్దు గూకినాక గానీ మెతుకు ముట్టను. ఈ కాలంలో ఆడ పొద్దే గూకదంట. నువ్వెట్ల జేసినావురా?"

నేను శనివారాలు ఉపవాసం ఉన్నానని ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పే ఉంటాను.

"ఓడలో గంట కొడతారక్కా. మనకు ఆ గంటే సూర్యుడు."

అక్క తల ఊపి కాగితం మీద "గంట" అని రాసుకుంది. ముప్పై ఏళ్లు పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన మనిషి, కామా తప్పితే చుట్టూ ఎర్రసున్నా పెట్టే మనిషి, నేను చెప్పిందల్లా అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటోంది. చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి. ఆ ఎండకు అందరికీ పడుతున్నాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

అంగట్లో ఉన్నవాటిలో మంచి చక్రాల పెట్టె తీసి నేల మీద తెరిచాం. చెనిక్కాయల పొడి, ఉప్పుమిరపకాయలు, మందులు, నాలుగు పట్టుచీరలు. ఓడ కెప్టెన్‌తో కలిసి భోజనం చేసే రోజు ఒకటుందట, దానికి ఏ చీరో తేలక నాలుగూ తెచ్చింది. ఇక మిగిలింది చలిబట్టలు.

మే నెలలో నంద్యాలలో స్వెటరు కోసం తిరగడం ఎలాంటిదో తిరిగినవాడికే తెలియాలి. చలికాలంలో రోడ్డు పక్కన నేపాలీలు కుప్పలు పోసి అమ్ముతారు, ఎండలు మొదలయ్యేసరికి వాళ్లుండరు. నేను నాలుగు బట్టల అంగళ్లు తిరిగాను. నాలుగో అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "వడదెబ్బ తగిలిందేమో అన్నా. ఫ్యాను కింద కూర్చో, సోడా తెప్పిస్తా" అన్నాడు.

తిరిగొచ్చి, అక్క ముందు తేలికైపోవడం ఇష్టంలేక, నా బతుకులో చేసిన పెద్ద తప్పుల్లో రెండోది చేశాను.

"స్వెటర్లు ఎందుక్కా? ఓడలో నేను ఏసుకున్నది దూది కోటు. మన బొంత మాదిరి కుట్టించుకుంటే మంచు కూడా దగ్గరికి రాదు."

మాది పత్తి నేల. చలి అంటే మాకు తెలిసిన మందు ఒక్కటే, దూది. పుట్టిన బిడ్డను దూదిలో చుడతాం, ముసలివాళ్ల కిందా మీదా దూదే. అందుకే ఆ మాట నా నోట వచ్చింది, అక్క మనసులో దిగిపోయింది. మా అంగడి వెనక సందులో పరుపులు కుట్టే భాయి ఉన్నాడు. వాళ్ల నాయన కాలం నుంచి దూది ఏకడమే పని. అక్క కొలతలు తీసుకుని మూడు రోజుల్లో కోటు కుట్టాడు. పరుపు గుడ్డతోనే కుట్టాడు కాబట్టి ఎర్ర చారలు. గోడకు ఆనించకుండానే అది తనంతట తాను నిలబడింది.

"వదినా, ఇది ఏసుకుంటే ఓడలో నీకు మంచంతో పనిల్యా. యాడ పడితే ఆడ పడుకోవచ్చు" అంది నా భార్య.

అక్క ఆ కోటు తొడుక్కుని, ఫ్యాను కింద నిలబడి, చెమటలు కారుతున్నా చేతులు చాపి చూసుకుంది. "వెచ్చగుండాది" అంది సంతోషంగా. నలభై డిగ్రీల ఎండలో.

భాయి మాత్రం పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఆడ వాన పడతాదా?"

"సన్నగా పడతానే ఉంటాదంట."

"అంటనా? నువ్వు పోయినావు గదా?"

"పడతాదిలే భాయి. ఎందుకు?"

"అట్లయితే ఇది ఒద్దు. దూది నీళ్లు తాగితే ఇడ్సదన్నా. వానకు తడిసిన పరుపు నువ్వు సూళ్ల్యా? రెండు దినాలు ఎండకేసినా లోపల సల్లగనే ఉంటాది. మనకంటే ఎండ ఉండాది. ఆడ యాడుండాది? అక్కకు ఆయాసం గూడా ఉండాదంటిరి."

అక్క పక్కింట్లోకి పోయిన సమయం చూసి, కోటు చేతి మీద చెంబెడు నీళ్లు పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు. మొత్తం తాగేసింది. ఆ చేతిలోకి నా చెయ్యి దూర్చాను. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, లోపల నా మణికట్టు చల్లబడుతోంది. డాక్టరు ఎత్తిన వేలు గుర్తొచ్చింది.

వద్దక్కా అనడానికి ఒక్క మాట చాలు. కానీ ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే, "నువ్వు ఏసుకున్నావు గదరా, నీకేం కాలేదు గదా?" అంటుంది. దానికి జవాబు చెబితే ఓడ మునుగుతుంది. ఓడ మునిగితే తర్వాతి ప్రశ్న, "మరి ఆ పదకొండు నెలలు యాడుంటివి?" బళ్లారి. నాలుగైదు గంటల బస్సు. తాళం చెవి పోయిన పెట్టె కూడా నా కథతో అమ్ముడుపోతుంది. ఆ మధ్యాహ్నం మాత్రం అక్కను ఆపడానికి నాకు ఒక్క కథా దొరకలేదు. చెమ్మ ఆరని కోటును మడిచి పెట్టెలో పెట్టడానికి ప్రయత్నించి, అది మడత పడక, దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయాను.

మరుసటి రోజు అక్కే దారి చూపించింది. పంతులమ్మ కదా, పరీక్ష పెట్టనిదే దేన్నీ నమ్మదు, నన్ను తప్ప. తన దగ్గర చదువుకున్నతను ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా ఉన్నాడు. అతనికి ఫోను చేసి, కోటును ఆ చలిలో పరీక్షించడానికి వస్తున్నామని చెప్పేసింది. కోటు చంకన పెట్టుకుని ఇద్దరం ఆటో ఎక్కాం.

మేనేజరు వాకిట్లోనే ఎదురొచ్చి, "మేడం, లోపల మంచి చలి. ఐదు నిమిషాలు చాలు" అన్నాడు. మందపాటి తలుపు తెరిచాడు. అక్క కోటు తొడుక్కుని, తలకు టవలు చుట్టుకుని, నన్ను చూసి నవ్వి లోపలికి నడిచింది. వెనకే నేను. చిన్న బల్బు వెలుతురులో ఇంటి మిద్దె ఎత్తున మిరప బస్తాలు. ఆ చలి నా చొక్కా దాటి ఎముకకు తగిలింది. ఇన్నేళ్లు నేను వర్ణించిన చలి ఇదేనా అనుకున్నాను. నేను చెప్పింది దీనికన్నా కాస్త ఎక్కువే.

"ఇట్లనే ఉంటాదారా ఆడ?" అంది అక్క, నోట్లోంచి ఆవిరి వస్తుంటే మురిసిపోతూ.

"ఇట్లనే ఉంటాదక్కా."

ఆ చలికి తోడు మిరప ఘాటు కలిసింది. రెండో నిమిషంలో దగ్గు మొదలైంది. మూడో నిమిషంలో ఆ దగ్గు ఆగి, ఈల లాంటి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆమెను పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. మెట్ల మీద కూర్చోబెట్టి, సంచిలోంచి పీల్చే మందు తీసి నోటి దగ్గర పెట్టాను. ఒకసారి, రెండుసార్లు. కోటు బరువు భుజాల మీదనుంచి ఆమెను కిందికి గుంజుతోంది. విప్పబోతే గుండీలు ఊడి రావు. అవి నా కళ్ల ముందు భాయి గట్టిగా బిగించిన గుండీలు.

ఊపిరి కుదుటపడ్డాక, ఆ మెట్ల మీదే, చెప్పేశాను.

"అక్కా, నేను ఓడెక్కలేదు. ఆ పదకొండు నెలలూ బళ్లారిలో ఉన్యా. నాయన పోయినాడని ఆడనే తెలిసింది. బస్టాండు దాకా వచ్చినా, బస్సెక్కలేకపోయినా."

అక్క నా తల మీద చెయ్యి వేసింది.

"నాకు తెలుసురా. నువ్వొచ్చిన రోజు నీ చొక్కా ఉతికింది నేనే గదా. జేబులో బళ్లారి బస్సు టికెట్టు ఉన్నింది. పొయ్యిలో ఏసినా."

"మరి ఇన్నేండ్లు అడగలేదే?"

"నువ్వు చెప్తావని సూస్తాంటి."

ఇది చదివి ఎవరికైనా గొంతు పట్టుకుంటే, నన్ను క్షమించాలి. ప్రమాణం చేశాను గానీ తప్పాను. మెట్ల మీద నేను నిజం చెప్పిన ఆ ఘట్టం మొత్తం నా కల్పన. బస్సు టికెట్టు లేదు. నేను బళ్లారి నుంచి వచ్చింది కూడా లారీలోనే. తల మీద చెయ్యి లేదు. "నువ్వు చెప్తావని సూస్తాంటి" అని అక్క అనలేదు. అనడానికి నేను చెబితే కదా. మిగతాదంతా నిజం, ఘాట్ రోడ్డు లోయ తప్ప.

జరిగింది ఇది. ఆమె ఊపిరి కుదుటపడింది. నేను "అక్కా, నేను..." అన్నంతవరకూ వచ్చాను. ఇంతలో మేనేజరు పరుగున వచ్చి నీళ్లు ఇచ్చాడు. అక్క తాగి, మూతి తుడుచుకుని, "ఏందిరా?" అంది. ఆ కళ్లలో నా మీద అనుమానం వెంట్రుకంత కూడా లేదు. నా నోట్లోంచి ఇంకొకటి వచ్చింది.

"ఈ కోటు పనికిరాదక్కా. మతికి రాల్యా నాకు. మన పత్తిలో గులాబీ పురుగు ఉంటాదని, ఆ దేశాలోళ్లు పచ్చి దూదిని లోపలికి రానియ్యరు."

"ఔన్రా. ఆ పాడు పురుగు ఆడికి పోయిందంటే వాళ్ల బతుకులు గూడా నాశనమే. నువ్వు పోయినప్పుడు ఎట్ల రానిచ్చినారు మరి?"

"అప్పుడు ఆ పురుగు ల్యాదక్కా."

నమ్మింది. పత్తి పండించే ఊళ్ల మనిషి కాబట్టి వెంటనే నమ్మింది. నేను ఆ సాయంత్రమే టూరు ఆఫీసుకు ఫోను చేసి అడిగాను. ఒంటికి తగిలేది ఉన్ని, దాని మీద దళసరి చొక్కా, అన్నిటి మీదా నీళ్లు దిగని పొడుగాటి కోటు అని అక్కడి అమ్మాయి చెప్పింది. అవన్నీ హైదరాబాదు నుంచి తెప్పించాను. అక్కతో మాత్రం, ఓడలో ముసలి వంటాయన నేర్పించాడని చెప్పాను. అది కూడా రాసుకుంది. దూది కోటును భాయి విప్పి, దిండ్లు కుట్టాడు.

అక్క ఓడకు పోయింది. నీళ్లు దిగని నీలం కోటులో, పొడిగా, ఆయాసం లేకుండా, ఓడ కమ్మీ పట్టుకుని నిలబడిన ఫొటో నిన్న నా ఫోనుకు పంపింది. వెనక బూడిదరంగు నీళ్లు, కొండలు, చిన్న రేవు. కింద తెలుగులో టైపు చేసింది.

"రేయ్, నువ్వు పనిచేసిన ఓడ ఈ రేవుకు గూడా వచ్చిందా? ఈడ నిలబడి నాయనను తలుచుకున్యా. నాయన పోయిన దినం నువ్వు ఈ నీళ్లలోనే యాడనో ఉంటివి గదా, ఏమీ తెలీకుండా. ఎంత దూరమురా. ఇప్పుడు సూస్తే తెలిసింది."

అంగట్లో కూర్చుని మూడుసార్లు చదివాను. మెసేజి పక్కన రెండు గుర్తులు ఆమె ఫోనులో ఈపాటికి నీలంగా మారి ఉంటాయి. నేను చదివానని ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. జవాబు కోసం చూస్తూ ఉంటుంది.